రోడ్డు మారిపోతే హోటల్ ఏం చేయాలి?

రెండు కిలోల బీఫ్ స్టేక్. పక్కన బేక్ చేసిన ఆలుగడ్డ, సలాడ్, రొయ్యల కాక్‌టెయిల్, బటర్‌తో ఒక బ్రెడ్ రోల్. మొత్తం గంటలో లాగించేస్తే బిల్లు సున్నా! మిగిలిందా, ముందే కట్టిన డబ్బులు గోవిందా!

యూట్యూబ్‌లో ఫుడ్ ఛాలెంజ్‌లు చూసేవాళ్లకి ఇదేమంత కొత్తగా అనిపించదు. కానీ ఈ ఛాలెంజ్ వయసు యూట్యూబ్ కంటే 40 ఏళ్లు ఎక్కువే. పుట్టిన చోటు టెక్సస్‌లోని అమరిల్లో. హోటల్ పేరు బిగ్ టెక్సన్ స్టేక్ రాంచ్.

దీన్ని పెట్టిన బాబ్ లీ అసలు ఆ ఊరివాడే కాదు. కాన్సస్ సిటీ నుంచి కుటుంబంతో వచ్చాడు. టెక్సస్ అంటే సినిమాల్లో చూసినట్టు కౌబాయ్‌లు, పెద్ద పెద్ద స్టేక్ హోటళ్లు ఉంటాయనుకున్నాడు. తీరా చూస్తే అలాంటి హోటల్ ఎక్కడా కనపడలేదు. లేకపోతే ఏంటి, మనమే పెడదాం అనుకుని 1960లో రూట్ 66 పక్కన మొదలుపెట్టాడు. అంటే ఈ రోజు అందరూ ఫొటోలు దిగే ఆ 'అసలు సిసలు టెక్సస్' ఒక బయటివాడి ఊహలోంచి వచ్చిందన్నమాట!

రూట్ 66 అంటే చికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా వెళ్లే పాత హైవే. వచ్చేపోయే కార్లు ఆగితేనే వ్యాపారం. ఇక ఛాలెంజ్ ఎలా మొదలైందో హోటల్ వాళ్లు చెప్పే కథ ఇది. తొలి రోజుల్లో పశువుల సంత దగ్గర పనిచేసే కౌబాయ్‌లు ఆకలి మీద వచ్చేవారు. ఒకసారి ఎవరు ఎక్కువ తింటారో చూద్దామని బాబ్ లీ పోటీ పెట్టాడు. ఒకడు గంటలో 72 ఔన్సుల మాంసం, దాంతోపాటు సలాడ్, రొయ్యలు, ఆలుగడ్డ, బ్రెడ్ అన్నీ ఊదేశాడు. ఇకపై గంటలో ఇదంతా తిన్నవాళ్లకి ఫ్రీ అని లీ అక్కడికక్కడే ప్రకటించేశాడట. ఆ మెనూనే ఇప్పటికీ నడుస్తోంది.

రూల్స్ చూస్తే నాకు ఓ పక్కా ప్రోడక్ట్ డిజైన్ కనిపిస్తుంది. పోటీదారుడు స్టేజి మీద, అందరికీ కనపడేలా కూర్చోవాలి. ఎదురుగా టైమర్. మధ్యలో లేవకూడదు. పక్కవాళ్లు ముక్క ముట్టుకోకూడదు. గెలిచినవాడికి ఫ్రీ, ఓడినవాడు కట్టిన డబ్బు హోటల్‌కి. ఎవరు గెలిచినా, చూస్తున్న హాలంతా మామూలు రేటుకి భోజనం చేస్తూనే ఉంటుంది. 'ఫ్రీ స్టేక్' అన్న బోర్డులు హైవే పొడవునా కనిపిస్తాయి. యాడ్‌కీ ఆటకీ ఖర్చు ఒక్కటే!

ఇంతలో అసలు దెబ్బ పడింది. ఇంటర్‌స్టేట్ 40 అనే కొత్త హైవే వచ్చింది. ట్రాఫిక్ అంతా అటు మళ్లింది. ఊరికి బైపాస్ పడితే పాత రోడ్డు మీది టిఫిన్ సెంటర్ గతి ఏమవుతుందో మనకి తెలియంది కాదు. రూట్ 66 పక్కన ఎన్నో మోటళ్లు, పెట్రోల్ బంకులు అలాగే మూతపడ్డాయి. చివరికి 1985లో ఆ రోడ్డుకి హైవే హోదా కూడా తీసేశారు.

బాబ్ లీ మాత్రం 1970లోనే హోటల్‌ని కొత్త హైవే పక్కకి మార్చేశాడు. ఆరేళ్లకి, 1976లో, అక్కడా అగ్నిప్రమాదం. మళ్లీ కట్టుకున్నారు. 1990లో ఆయన పోయాక పిల్లలు నడిపించారు. 2014లో మాలీ షైలర్ అనే బక్కపల్చటి అమ్మాయి ఆ ప్లేటుని 5 నిమిషాల లోపే ఖాళీ చేసింది. మరుసటి ఏడాది వచ్చి 20 నిమిషాల్లో అలాంటివి మూడు తినేసింది! ఇప్పుడైతే పోటీని ఇంటర్నెట్‌లో లైవ్‌లో చూడొచ్చు.

డాలస్‌లో ఉండే మనవాళ్లు కొలరాడో రోడ్ ట్రిప్‌కి కారేసుకుని బయల్దేరితే దారిలో అమరిల్లో తగులుతుంది. బీఫ్ తినని వాళ్లు కూడా ఆ పసుపు రంగు బిల్డింగ్ ముందు ఆగి సెల్ఫీ దిగుతారు. హోటల్‌కి కావలసిందీ అదే, ముందు కారు ఆగాలి.

మా ఫీల్డ్‌లో ఏడాదికో కొత్త హైవే పడుతోంది. నిన్న నేర్చుకున్న టూల్ ఇవాళ పాత రోడ్డు. టెన్షన్ పడటంలో తప్పులేదు. కాకపోతే బాబ్ లీ చేసిన పని ఒకసారి గమనించండి. మెనూ మార్చలేదు, గంట రూల్ మార్చలేదు. అడ్రస్ మార్చాడు, అదీ పాత రోడ్డు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా. మీ దగ్గరున్న '72 ఔన్సులు' ఏంటో తెలిస్తే, దాన్ని ఏ రోడ్డు మీద పెట్టాలన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి ఈ వారం తీరిగ్గా జవాబు వెతకండి.