ఆమె ముఖానికి ఆమే డబ్బు కట్టాలా?

ఫొటోగ్రాఫర్ మిత్రుల దగ్గర తరచూ వినే గోడు ఒకటుంది: ‘నా ఫొటో ఎత్తేశారు, పేరు కూడా వెయ్యలేదు.’ న్యాయమైన గోడే. చట్టం కూడా గట్టిగా వాళ్లవైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసిన మనిషే దానికి కర్త. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 2012 సవరణ తర్వాత ఆ హక్కు ఫొటోగ్రాఫర్ బతికున్నంత కాలం, ఆపైన ఇంకో 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు ఇంకొకరికి ఇచ్చేస్తే అది కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాకే. ఫొటోలు అమ్ముకునేవాళ్లు ఇంతవరకూ చదువుకుంటారు. ఇక్కడే ఆగిపోతారు. నా తగాదా ఆ ఆగిపోవడంతోనే.

బొంరాస్‌పేట దగ్గర తండాలో ఒక లంబాడీ అవ్వ ఉందనుకోండి. పింఛను దరఖాస్తు కోసం కొడంగల్ వెళ్లి, స్టూడియోలో డబ్బులిచ్చి పాస్‌పోర్టు సైజు ఫొటో దిగింది. దాని కాపీరైట్ ఎవరిది? స్టూడియో అతనిది కాదు, ఆమెది. 17వ సెక్షన్ చెప్పేది అదే: వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే ఆ ఫొటోకి మొదటి హక్కుదారు. (పెళ్లి ఫొటోలను అడక్కుండా తమ యాడ్‌లో వేసుకునే స్టూడియోలు కూడా ఈ సెక్షన్ ఒకసారి చదవాలి.) మర్నాడు అదే అవ్వ గుమ్మంలో కూచుని ఉంది. అనంతగిరి కొండలు చూద్దామని హైదరాబాద్ నుంచి వచ్చి, అటునుంచి ఇటు తిరిగిన ఎవరో జూమ్ లెన్సుతో ఫొటో తీశాడు. అద్దాల రవిక, గాజులు, ముడతలు. దాని హక్కు మొత్తం అతనిది.

అదే ముఖం. డబ్బు కడితే ఆమెది, కట్టకపోతే అతనిది.

ఆమెకు అసలు రక్షణే లేదా అంటే, ఉంది. కాపీరైట్ చట్టంలో కాదు, కోర్టు తీర్పుల్లో. ఆటో శంకర్ ఆత్మకథను నక్కీరన్ పత్రిక వేయబోయిన కేసులో, 1994లో, ఒకరి పేరునో రూపాన్నో వాళ్ల సమ్మతి లేకుండా వాడుకుంటే ప్రైవసీకి భంగమేనంది సుప్రీంకోర్టు. 2017లో పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కే అయింది. బావుంది. కానీ దీన్ని వాడుకోగలిగేదెవరు? 2025లో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకెళ్లి, తన పేరు, రూపం, గొంతు అనుమతి లేకుండా వాడొద్దని మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. తెచ్చుకోవాల్సిందే. తండా అవ్వ ఏ కోర్టుకెళ్తుంది? అసలు తన ఫొటో అమ్ముడుపోయిందని ఆమెకు తెలిసేదెలా?

స్టాక్ సైట్లు మోడల్ రిలీజ్ అడుగుతాయి కదా అంటారు. అడుగుతాయి, ప్రకటనల కోసం అమ్మేటప్పుడు. ఆమె ఇంట్లో మాట్లాడేది గోర్ బోలీ. ఆ కాగితంలో ఏముందో ఆ భాషలో చెప్పకుండా వేయించుకున్న వేలిముద్ర సమ్మతి ఎలా అవుతుంది? అదీ లేకపోతే ‘ఎడిటోరియల్’ అని టిక్ పెడితే సరి, రిలీజ్ అక్కర్లేదు. టిక్ బాక్సులు తయారుచేసే ఉద్యోగంలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా, చాలాసార్లు అవి ఉండేది కంపెనీని కేసుల నుంచి కాపాడటానికి. అవతలి మనిషికి ఏం అర్థమైందన్నది వాటికి పట్టదు.

‘అలాగైతే వీధి ఫొటోగ్రఫీ చచ్చిపోతుంది. రఘు రాయ్ ఎంతమందిని అడిగి తీశాడు?’ తీయడం వేరు, సరుకుగా అమ్మడం వేరు. వార్త కోసం, చరిత్ర కోసం తీసినవాటితో నాకు గొడవ లేదు. 1936లో డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన ‘మైగ్రెంట్ మదర్’ లేకపోతే లోకానికి నష్టమే. అయినా ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని జనానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమే చెప్పింది. (ప్రభుత్వ పని మీద తీసింది కాబట్టి లాంగ్‌కీ రాయల్టీ రాలేదు, అది వేరే సంగతి.) 42 ఏళ్లు ఆమె పేరు లేని ముఖం.

మన సంగతి కూడా చూసుకుందాం. కవితా సంపుటాల అట్టల మీద ఇలాంటి ముడతల ముఖాలంటే మనకు మోజు. లోపలి పేజీలో ‘ముఖచిత్రం: ఫలానా’ అని ఉంటుంది. ఆ ఫలానా ఫొటోగ్రాఫరు. ముఖం ఎవరిదో ఉండదు. శ్రమ గురించి, దోపిడీ గురించి లోపల వంద పేజీలు.

అట్టకి ఫొటో కొనేముందు ప్రచురణకర్తలు అడగాల్సినవి మూడే. ఈమె ఒప్పుకున్నారా? ఆమె భాషలో చెప్పి అడిగారా? ఆమెకెంత ఇచ్చారు? జవాబు రాకపోతే బొమ్మ గీయించుకోండి. మనకు చిత్రకారుల కరువేమీ లేదు.