విదేశవాసము – కంప్యూటరు సామగ్రి

ఉన్నతవిద్యకై అమెరికాకేగు తెలుగు యువకులు తమవెంట కంప్యూటరును గొనిపోవుట నేడు పరిపాటియైనది. తలిదండ్రుల చింతయంతయు విద్యుచ్ఛక్తిని గూర్చియే. మన యింట 230 వోల్టులు, అచ్చట 120. కాని ల్యాప్‌టాపు ఛార్జరులు సాధారణముగా 100 మొదలు 240 వోల్టులవరకు పనిచేయును. ప్లగ్గు మార్చిన చాలును. ఛార్జరుపై ముద్రించిన రెండు పంక్తులు చదివినచో ఈ చింత తీరును.

విడి బ్యాటరీలను చేతిసంచిలోనే యుంచవలయును. ఇట్టి నియమములైనను స్థిరములు కావు. 2017 మార్చిలో అమెరికా ప్రభుత్వము దుబాయి, దోహా, అబుధాబి మొదలగు పది విమానాశ్రయములనుండి వచ్చు ప్రయాణికులు ల్యాప్‌టాపును తమచెంత నుంచుకొనరాదని శాసించెను. అది మనవారు నిత్యము నడచు త్రోవ! ఆ నిషేధము జూలైలోగాని తొలగలేదు.

అసలు చిక్కు సరిహద్దున గలదు. అచ్చటి సుంకాధికారులు న్యాయస్థానపు వారంటు లేకయే ప్రయాణికుని కంప్యూటరును తెరచి చూడగలరు. విదేశీయుడు పాస్‌వర్డు చెప్పనొల్లనిచో దేశప్రవేశమునకే భంగము వాటిల్లవచ్చును. అపరిచితుడు మన యినుపపెట్టె తెరచిన సహింతుమా? ఇంటి జాబులు, ఛాయాచిత్రములు, బ్యాంకి లెక్కలు అన్నియు నేడు ఆ యంత్రముననే యున్నవి. కావున చదువునకు వలసినవి మాత్రమే యందుంచి, తక్కినవానిని వేరొక డిస్కున నింటనే భద్రపరచిపోవుట యుక్తమని మా యభిప్రాయము.

తిరిగివచ్చునపుడు పదునెనిమిదేండ్లు నిండిన ప్రయాణికునకు ఒక ల్యాప్‌టాపుపై మన ప్రభుత్వము సుంకము గొనదు. అంతకుమించి విలువగల సామగ్రిని వెంటగొనిపోవువారు బయలుదేరునాడే విమానాశ్రయమున సుంకాధికారులవలన ఎగుమతి ధ్రువపత్రమును బొందవలయును.