పూడిక తీసిన నెల

కొడవలూరు నుంచి ఒక రైతు ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యటం లేదు. ఉత్తరంలోని ముఖ్యభాగం ఇది:

"మా అమ్మాయి చెన్నైలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసే వుద్యోగం చేస్తున్నది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు ఈ నెలంతా ఏం చేశావమ్మా అని అడిగాను. 'వున్న ప్రోగ్రామునే విడదీసి మళ్లీ రాశాను నాయనా. ఇదివరకు ఏం చేసేదో ఇప్పుడూ సరిగ్గా అదే చేస్తుంది' అన్నది. ఆ మాట సంతోషంగా చెప్పింది కూడాను. పై అధికారి మాత్రం నెలరోజుల్లో కొత్తగా ఏం చూపించావని నిలదీశాడట. ఈ ఏడు జీతం పెంచకపోవచ్చునని కూడా అన్నాడట. నాకు ఆయన మాటే సబబుగా తోస్తున్నది. వున్నదాన్నే మళ్లీ రాస్తే డబ్బు ఎవరిస్తారు? అమ్మాయికి బుద్ధి చెప్పమంటారా?"

అయ్యా, తొందరపడకండి. మీ అమ్మాయి చేసిన పని ఏమిటో మీ వూరి కాలువ గట్టున నిలబడితే తెలుస్తుంది.

మీది పెన్నా నీళ్లతో వరి పండే నేల. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు పూడిక తీస్తారు, గుర్రపుడెక్క పీకుతారు. ఆ పని అయినాక కాలువ ఒక్క గజం పొడుగెక్కదు. కొత్త తూము రాదు. ఆయకట్టు ఒక్క ఎకరం పెరగదు. ఏం కట్టారయ్యా అని ఎవరైనా అడిగితే చూపించటానికి ఏమీ వుండదు. కాని ఆ ఏడు చివరి పొలానికి నీరు అందుతుంది. పూడిక తియ్యటం మానేస్తే కాలువ మొదట వున్న రైతుకు చాలాకాలం ఏమీ తెలియదు. చివరనున్న రైతుకు మొదటి ఏడే తెలుస్తుంది.

2022 సెప్టెంబరులో సంగం దగ్గరా, నెల్లూరు దగ్గరా పెన్నా మీద కొత్త బ్యారేజీలు ప్రారంభమైనాయి. అది నిర్మాణం. పూడికతీత వేరు. మీ అమ్మాయి చేసింది ఈ రెండో రకం పని. ఆ వృత్తిలో దీనిని 'రీఫాక్టరింగ్' అంటారు. బయటికి కనిపించే నడత మారకుండా లోపలి అమరికను బాగుచెయ్యటమన్న మాట. దీనిమీద 1992లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విలియం ఆప్‌డైక్ పరిశోధన గ్రంథం రాశాడు. 1999లో మార్టిన్ ఫౌలర్ పుస్తకం వచ్చినాక ఆ మాట ప్రోగ్రాములు రాసేవారందరి నోటా పడింది.

ప్రోగ్రాములో పూడిక ఎలా చేరుతుందని మీరడగవచ్చు. వడ్లు కొనే సంఘం ఒకటి వున్నదనుకుందాం. రైతుకు ఎంత చెల్లించాలో కంప్యూటరు లెక్కకట్టాలి. మొదట ప్రోగ్రాము ఒక్క వాక్యం: తూకాన్ని ధరతో హెచ్చవెయ్యి. తరువాత ఒకరు వచ్చి, తేమ 17 శాతం మించితే కొనవద్దన్నారు. అదొక ప్రశ్న చేరింది. గ్రేడ్ ఏ రకానికి ఒక ధర, సాధారణ రకానికి ఒక ధర అన్నారు. రెండో ప్రశ్న. గోనెసంచులు రైతువే అయితే వాటి డబ్బు కలపమన్నారు. మూడోది. లారీ కిరాయి రైతు పెట్టుకుంటే అదీ ఇవ్వాలన్నారు. నాలుగోది. ఇందులో ఏదీ అన్యాయమైన కోరిక కాదు. అడిగిన వాళ్లు మంచివాళ్లే, రాసినవాళ్లూ మంచివాళ్లే. కాని ప్రతివాడూ తన ప్రశ్నను తొందరలో ఎక్కడ ఖాళీ వుంటే అక్కడ ఇరికించి వెళ్లిపోయాడు. పదేళ్లకు ఆ ఒక్క వాక్యం అయిదువందల వాక్యాలవుతుంది. దాని జోలికి పోవాలంటే అందరికీ భయం.

ఈ చిక్కుకు కొలత వున్నది. 1976లో థామస్ మెకేబ్ అనే అమెరికన్ ఒక పద్ధతి చెప్పాడు. దాని పేరు 'సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ'. పేరు చూసి బెదరనక్కరలేదు. ప్రోగ్రాములో దారి రెండుగా చీలే చోట్లు ఎన్ని వున్నాయో లెక్కపెట్టి, దానికి ఒకటి కలపటమే. కాలువమీద తూములు లెక్కపెట్టినట్టే. మన వడ్ల లెక్కలో ప్రశ్నలు నాలుగు కనుక కొలత అయిదు. మలుపులన్నిటినీ పరీక్షించి చూడటానికి అయిదు పరీక్షలు చాలునని దాని భావం. ఇక ఆ ప్రశ్నలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, వాటి జవాబులు కలిసి రాగల తీరులు పదహారు. ప్రశ్నలు పది అయితే ఆ తీరులు 1024. ఇరవై అయితే పది లక్షలు దాటుతాయి. అన్ని దారులూ ఏ మనిషి తలలో పడతాయి చెప్పండి? ఒక్కొక్క భాగంలో ఈ కొలత పది దాటకుండా చూసుకోవటం మంచిదని మెకేబ్ సలహా. పది అనేది మంత్రసంఖ్య కాదని కూడా ఆయనే చెప్పాడు.

అంకెను మరీ నమ్ముకోకూడదు కూడా. నెల అంకె ఇస్తే నెల పేరు చెప్పే ప్రోగ్రాము వున్నదనుకోండి. జనవరా, ఫిబ్రవరా అని పన్నెండుసార్లు అడుగుతుంది కనుక కొలత పది దాటుతుంది. కాని చిన్నపిల్లవాడు కూడా దానిని చదివి అర్థం చేసుకోగలడు. మరొక దానిలో ప్రశ్నలు నాలుగే, కాని ఒకదాని కడుపులో ఒకటి దూరి వుంటాయి. కొలత అయిదే, చదివేవాడికి మాత్రం చెమటలు. అంచేతనే ఇటీవలి కాలంలో 'కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ' అని మరొక కొలత వచ్చింది. అది లోపలికి దూరిన ప్రతి ప్రశ్నకూ దాని లోతును బట్టి ఎక్కువ మార్కులు వేస్తుంది. ఇవన్నీ లెక్కపెట్టే పనిముట్లు వున్నాయి. జ్వరం ఎంతో థర్మామీటరు చెబుతుంది. మందు మాత్రం వైద్యుడే చెప్పాలి.

మందు ఎలా వేస్తారు? ముందుగా పాత ప్రోగ్రాముకు వంద పాత బిల్లులు ఇచ్చి, అది ఇచ్చిన జవాబులన్నీ రాసిపెట్టుకోవాలి. ఏదైనా జవాబు తప్పుగా వున్నాసరే, దానినీ ఉన్నదున్నట్టు రాసుకోవాలి. తప్పు దిద్దటం వేరే పని, అది వేరే రోజు. ఆ తరువాత చిన్న మార్పు ఒకటి చెయ్యాలి. ఆ వంద బిల్లులూ మళ్లీ ఇచ్చి చూడాలి. జవాబులు అవే వస్తే మరొక మార్పు. ఒక్కటి తేడా వచ్చినా వెంటనే వెనక్కి రావాలి. మీ అమ్మాయికి నెల పట్టటం ఇందుకే.

వడ్ల లెక్కలో ఏం చేస్తారో చూడండి. తేమ ప్రశ్నను మొట్టమొదటికి తెచ్చి, మించితే అక్కడే తిప్పి పంపేస్తారు. ఇక కింద వున్నదంతా తేమ సంగతి తలపెట్టనక్కరలేదు. రకాన్ని బట్టి ధర తేల్చే భాగాన్ని విడిగా తీసి దానికొక పేరు పెడతారు. సంచుల లెక్కకు ఒక పేరు, కిరాయి లెక్కకు ఒక పేరు. ప్రశ్నలు మాయం కావు, ఒక్కొక్కటి తన గదిలోకి వెళుతుంది. రేపు కిరాయి రేటు మారితే ఆ ఒక్క గది తలుపు తీస్తే చాలు.

ఇక డబ్బు ఎవరిస్తారన్న మాట. పూడిక తియ్యనివాళ్లు ఎంత ఇచ్చుకున్నారో చూద్దాం. 2012 ఆగస్టు 1న అమెరికా షేర్ల బజారులో నైట్ కాపిటల్ అనే వ్యాపార సంస్థకు ఒక ప్రమాదం జరిగింది. ఏళ్ల తరబడి వాడకంలో లేని భాగం ఒకటి వాళ్ల ప్రోగ్రాములో తీసెయ్యకుండా వుండిపోయింది. కొత్తగా రాసిన భాగానికి ఆ పాతదాని మీటనే పెట్టారు. ఎనిమిది యంత్రాలలో ఒకదానికి కొత్త ప్రోగ్రాము ఎక్కించటం మరిచారు. బజారు తెరవగానే ఆ యంత్రంలో పాత భాగం నిద్ర లేచింది. ఎడాపెడా షేర్లు కొనటం, అమ్మటం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం వచ్చింది. ఆ సంస్థ తరువాత మరొకరి చేతిలోకి పోయింది.

మనవాళ్లు ఎరిగిన ఉదాహరణ మరొకటి వున్నది. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే దాచుకునేవి. 2000 వస్తే 00 అన్నది 1900 అనుకునే ప్రమాదం. హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 ఆ ప్రాంతంలో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని ఈ మరమ్మతుకు వెళ్లిన తెలుగువారు చాలామంది. ఎంతోమందికి మొదటి విమానం టిక్కెట్టు ఇప్పించింది ఆ రెండంకెలే. తప్పు చిన్నది, దిద్దుబాటు ఇంకా చిన్నది. కాని తేదీ లెక్క ఒకచోట కాక వేలచోట్ల చెదిరి వుండటంతో అది ఎక్కడెక్కడ వున్నదో వెతకటానికే చాలా ఖర్చయింది. ఒకే గదిలో వుంటే ఒక్కసారి దిద్దితే పోయేది.

వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ఆయన 1992లో ఈ పరిస్థితిని అప్పుతో పోల్చాడు. తొందరలో రాసిన ప్రోగ్రాము చేబదులు వంటిది, వెంటనే తీర్చేస్తే మేలే చేస్తుంది. తీర్చకపోతే ఆ తరువాత చేసే ప్రతి పనీ వడ్డీ కిందికి పోతుంది. వడ్డీ సంగతి రైతుకు మేము చెప్పాలా?

అలాగని పై అధికారిని తప్పుపట్టటం లేదు. ఏం చూపించావని అడగటం ఆయన ధర్మం. మీ అమ్మాయి జవాబు సంతోషంతో సరిపెట్టకుండా అంకెలతో చెప్పాలి. పాత కొలత ఎంత, కొత్త కొలత ఎంత? ఇదివరకు ఆ ప్రోగ్రాములో చిన్న మార్పుకు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడు ఎన్ని పడుతున్నది? ఇదివరకు పరీక్షలు ఎన్ని వుండేవి, ఇప్పుడెన్ని? ఇవి ఒక కాగితం మీద రాసి ఇస్తే, జీతం మాట ఎత్తటానికి ఆమెకూ బలం వుంటుంది. మీరు బుద్ధి చెప్పటానికి బదులు ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జవాబులు ఆమె దగ్గర సిద్ధంగా వుంటే మీ పెంపకానికి లోటేమీ లేదు.

ఈ వృత్తిలో వున్న మన యువ పాఠకులకు కూడా ఒక మాట. కొలత పెద్దదిగా కనిపించిన ప్రతిదాన్నీ విప్పుతూ కూర్చోవద్దు. పదేళ్లుగా ఎవరూ ముట్టనక్కరలేకుండా సరిగా నడుస్తున్నది వుంటే దానిని నడవనివ్వండి. చిక్కూ ఎక్కువే, మార్పులూ తరచు అవసరమే అనే చోటు ఏదో ముందు కనిపెట్టండి. నీరు ఆగిపోతున్నది అక్కడే. పార అక్కడ వెయ్యండి.