సంతకాలతో వంగడం పుట్టదు

పరిశోధన సంస్థలూ విశ్వవిద్యాలయాలూ కలిసి కొత్త సాంకేతికతను తేవాలంటే ముందు అవగాహన ఒప్పందం కుదరాలి, ఆపైన ఒక ఇన్నోవేషన్ హబ్ వెలవాలి, అందులో నాలుగు స్టార్టప్‌లు చేరాలి, రెండు మూడేళ్లలో పేటెంట్లు చేతికి రావాలి. మన దగ్గర స్థిరపడిపోయిన అభిప్రాయం ఇది. మంత్రుల ప్రసంగాల్లో ఇదే, వైస్ ఛాన్సలర్ల నివేదికల్లో ఇదే. ఈ వరస కనిపించిన చోట ఆవిష్కరణ జరుగుతున్నట్టు, కనిపించని చోట ప్రభుత్వ జీతాలు దండగైనట్టు మాట్లాడుతున్నారు. కాలేజీల ప్రమాణాలను అంచనా వేసే న్యాక్ అమల్లో ఉన్న ఒప్పందాలెన్నో అడుగుతుంది. ర్యాంకులిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ పేటెంట్లు లెక్కపెడుతుంది. లెక్కకొచ్చే పనే అందరూ చేస్తారు గనక సంతకాలు, శాలువాలు, గ్రూప్ ఫొటోలు పెరిగాయి.

ఈ అభిప్రాయం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. రుజువు కోసం దూరం పోనక్కర్లేదు, మన కంచంలో అన్నమే చాలు.

బాపట్లలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204 వరికి సాంబ మసూరి అని పేరు. తమిళనాడులో ఆంధ్రా పొన్ని అంటారు. గింజ సన్నం, అన్నం పొడిపొడిగా ఉంటుంది, మార్కెట్లో ధర పలుకుతుంది. కానీ ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. ఈ తెగులు ఆకు కొసన మొదలై అంచుల వెంబడి పసుపు చారగా, వంకరటింకరగా కిందికి దిగుతుంది. పొద్దున్నే చేలోకి వెళ్తే ఆకుల మీద పసుపు జిగురు బొట్లు కనిపిస్తాయి. ఎండెక్కేసరికి అవి గట్టిపడి చిన్న పూసల్లా అవుతాయి. వాటి నిండా బ్యాక్టీరియానే. గాలివానకు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు, నీటి వెంట ఒక మడి నుంచి ఇంకో మడికి పాకుతుంది. యూరియా ఎక్కువ పడిన చేలో మరీ విజృంభిస్తుంది. నమ్మకంగా ఆపే మందు లేదు. మడిలో నీళ్లు తీసేసి, యూరియా ఆపి, మిగిలినంత మిగలాలని చూడటం తప్ప రైతుకు దారి లేదు.

తట్టుకునే శక్తి విత్తనంలోనే ఉండాలి, గింజ గుణం మాత్రం చెడకూడదు. ఈ లెక్క తేల్చడానికి హైదరాబాద్ నగరానికి రెండు కొసల్లో ఉన్న రెండు సంస్థలు చేయి కలిపాయి. హబ్సిగూడలోని సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, శాస్త్ర పరిశోధన మండలి కిందిది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలనాలయం, ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ పరిశోధన మండలి కిందిది. మంత్రిత్వ శాఖలే వేరు. కావలసిన జన్యువులు మూడు: ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5. వీటిలో ఎక్స్ఏ21 మూలం ఆఫ్రికా అడవి వరి. మూడింటినీ అప్పటికే ఒక వరిలోకి చేర్చి పెట్టినవారు లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు. వాళ్ల విత్తనమే ఇక్కడ దాత అయింది.

ఈ పని ఒక్క సంస్థ వల్ల ఎందుకు అయ్యేది కాదో కాస్త వివరంగా చెప్పాలి. ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అంతర్గత జన్యువులు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తే తప్ప వాటి గుణం బయటపడదు. సాంబ మసూరి గుణాలు తిరిగి రావాలని దానితోనే మళ్లీ మళ్లీ సంకరం చేస్తున్నప్పుడు మొక్కలో ఆ జన్యువులు ఒక వైపు నుంచే ఉంటాయి. అప్పుడు తెగులు అంటించి చూసినా అవి ఉన్నదీ లేనిదీ తెలియదు. ఎక్స్ఏ21 అలా కాదు, అది బహిర్గతం. అదొక్కటి ఉన్నా మొక్క తట్టుకుంటుంది, దాని చాటున మిగతా రెండూ ఉన్నాయా జారిపోయాయా అన్నది కనపడదు. ఎంత అనుభవమున్న కన్నయినా ఇక్కడ ఆగిపోతుంది. నారు దశలోనే చిన్న ఆకుముక్క తుంచి, డీఎన్ఏ తీసి, జెల్ మీద గీత ఎక్కడ పడిందో చూసి ఈ మొక్క ఉంచాలి, ఈ మొక్క పీకేయాలి అని తేల్చుకోవాలి.

అది ప్రయోగశాల విద్య. సీసీఎంబీలో రమేశ్ సొంటి బృందం ఆ బ్యాక్టీరియానే ఏళ్ల తరబడి చదువుతూ వచ్చింది. కానీ జెల్ మీద గీత చూసి అన్నం ఎలా ఉడుకుతుందో చెప్పలేం. అది రాజేంద్రనగర్ విద్య. అక్కడ ఆర్.ఎం. సుందరం, ఆయన సహచరులు కత్తెరను బ్యాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు కొసలు కత్తిరించేవారు. రెండు వారాలయ్యాక మచ్చ ఎన్ని సెంటీమీటర్లు దిగిందో స్కేలు పెట్టి కొలిచేవారు. గింజ పొడవు, దిగుబడి, ఉడికిన తీరు అన్నీ అసలు సాంబ మసూరితో పోల్చి చూసేవారు. మొక్క పూతకొచ్చేదాకా తర్వాతి సంకరం లేదు. ఎంత పెట్టుబడి పెట్టినా ఈ ఆగడం తప్పదు. 2008లో మెరుగుపరచిన సాంబ మసూరి విడుదలైంది. జన్యుమార్పిడి పంట కాదు, మామూలు సంకరణతో వచ్చిందే, ఎంపిక మాత్రం డీఎన్ఏ సాయంతో.

ఇదే పని స్టార్టప్ అయితే ఇంకా తొందరగా చేసేదని వాదించేవారున్నారు. అసలు చేసేదే కాదు. ఇది హైబ్రిడ్ కాదు, రైతు తన వడ్లలోంచే విత్తనం తీసి మళ్లీ వేసుకోవచ్చు. ఏటా కొనక్కర్లేని సరుకు మీద ఏళ్ల తరబడి డబ్బు పెట్టే మదుపుదారు ఎక్కడున్నాడు? రైతుకు ఏది లాభమో సరిగ్గా అదే కంపెనీకి నష్టం. ప్రజల డబ్బుతో నడిచే సంస్థలు ఉండి తీరాలనడానికి ఇంతకంటే కారణం కావాలా?

ప్రభుత్వ సంస్థలు ఒకదానితో ఒకటి కలవవు, వాటిని కలపడానికి కొత్త వేదికలు కావాలి అనేది ఇంకో వాదన. ఇదే రాజేంద్రనగర్ కేంద్రంగా 1965 నుంచి అఖిల భారత సమన్వయ వరి పథకం నడుస్తోంది. అందులోకి వచ్చిన ఏ విశ్వవిద్యాలయం వంగడమైనా దేశంలో నానా చోట్ల, ఇతర సంస్థల చేలలో, సంకేత సంఖ్య కింద పరీక్షకు నిలబడాలి. ఎవరి వంగడమో తెలియకుండా ఎదుటివారు మార్కులు వేస్తారు. ఇంత నిజాయితీ గల ఉమ్మడి ఏర్పాటు చేతిలో పెట్టుకుని కొత్త భవనాలకు కొబ్బరికాయలు కొట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

అయినా పాత బీపీటీ పొలాల్లోంచి పోలేదు కదా అంటారు. నిజమే. కొత్త రకం అగ్గితెగులును గానీ దోమను గానీ ఆపదు, అదీ నిజమే. కానీ మంచి విత్తనం పుట్టాక దాన్ని పెంచి ఊరూరికీ చేర్చడం శాస్త్రవేత్త పని కాదు. అది విత్తన సంస్థలది, విస్తరణ శాఖది. ఒప్పందాల ఉత్సవాలకు పెట్టే శ్రద్ధ ఆ శాఖల మీద పెట్టారా అని అడగాలి.

సీసీఎంబీకి కూతవేటు దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఈ బియ్యాన్ని అక్కడ పరీక్షిస్తే గ్లైసీమిక్ సూచిక 50.99 అని తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మధుమేహం ఇంటింటికీ చేరిన మన రాష్ట్రాల్లో అది చిన్న విషయం కాదు. తెగులు కోసం మొదలైన పనికి మూడో సంస్థ ఇంకో విలువ కట్టగలిగిందంటే, దశాబ్దాలుగా తిండి మీదే పనిచేస్తున్న మనుషులు అక్కడ ఉండబట్టే. ఉద్యోగాలు ఖాళీగా పెట్టి, కాంట్రాక్టు మీద ఏడాదికొకరిని మార్చే చోట ఇలాంటి లోతు రాదు. లోతు లేని రెండు సంస్థలు ఎన్ని సంతకాలు చేసుకున్నా ఒకదానికొకటి ఇచ్చుకోవడానికి వాటి దగ్గర ఏమీ ఉండదు.

ఒప్పంద పత్రాలు వద్దని నేను అనడం లేదు. విత్తనం మీద హక్కెవరిది, ఖర్చెవరిది అని రాసుకోవాల్సిందే. కానీ ఆ కాగితాన్నే ఫలితంగా లెక్కించే పద్ధతి పోవాలి. న్యాక్ బృందం వచ్చినప్పుడు ఎన్ని ఒప్పందాలు అని కాక, ఈ అయిదేళ్లలో మీ ప్రయోగశాల నుంచి ఏ విత్తనం, ఏ సూక్ష్మజీవి, ఏ కొలత మరో సంస్థకు వెళ్లింది, దాంతో వాళ్లేం చేశారు అని అడగాలి. లూధియానా వారు దాత వరిని ఇవ్వడాన్ని ఇవాళ్టి ఫారంలో ఏ గడిలో రాయాలో నాకు చెప్పండి. ఆ గడి పెట్టాక మిగతా లెక్కల గురించి మాట్లాడుకుందాం.