మనం సంతకం పెట్టని వకాల్తా

మతసామరస్యం అనగానే నెల్లూరు వాళ్లం రొట్టెల పండగను చూపిస్తాం. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా పక్కన, స్వర్ణాల చెరువు నీళ్లలోకి దిగి, ఎదుటివాళ్లది ఏ మతమని అడక్కుండా రొట్టె ఇచ్చి రొట్టె పుచ్చుకుంటాం. ఆ గర్వం అబద్ధం కాదు. అయితే ఈ దేశంలో మతపెద్దలు ఇంకో పని కోసం కూడా ఏకమయ్యారు. అప్పుడు మనం నోరు మెదపలేదు.

వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి నాలుగ్గోడల మధ్య కలిస్తే, ఇద్దరూ మగవాళ్లయినా సరే, భారత శిక్షాస్మృతి 377 సెక్షన్ కింద నేరం కాదని 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం అప్పీలుకు పోలేదు. పోయింది ఎవరో చూడండి: ఢిల్లీలో ఒక జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, అపోస్టలిక్ చర్చెస్ అలయన్స్, ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, క్రాంతికారీ మనువాదీ మోర్చా. మామూలుగా ఒకే పందిరి కింద కూర్చోనివాళ్లు ఇక్కడ మాత్రం ఒకే వైపు నిలబడ్డారు. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టులో వాళ్ల మాటే నెగ్గింది. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ తప్పు దిద్దేదాకా, దాదాపు నాలుగేళ్ల తొమ్మిది నెలల పాటు, మన పక్కింటి మనుషులు చట్టం దృష్టిలో మళ్లీ నేరస్తులయ్యారు. మనకు కోపం రాలేదు.

కోపం తెలియనివాళ్లమా మనం? తమిళనాడు సోనా బోట్లు మన ఒడ్డుకు దగ్గరగా వచ్చి, వలలు తెంపి, చేపంతా ఊడ్చుకుపోతుంటే మన మత్స్యకారుల పట్టపుపాళేలు కదిలాయి. నడిసముద్రంలో ఆ బోట్లను చుట్టుముట్టి ఒడ్డుకు లాక్కొచ్చిన రోజులున్నాయి. అది కూటి కోసం వచ్చిన కోపం, న్యాయమైన కోపం. పక్కవాడి బతుకు కోసం అందులో పిసరంతైనా తీసి ఖర్చుపెట్టలేకపోయాం.

దూరాన ఉన్నవాళ్ల మీదైతే కోపం సులువుగా వచ్చింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం టొపీకాలో ఫ్రెడ్ ఫెల్ప్స్ అనే పాస్టరు వెస్ట్‌బరో బాప్టిస్టు చర్చి నడిపాడు. 1998లో మాథ్యూ షెపర్డ్ అనే 21 ఏళ్ల కుర్రాణ్ని కంచెకు కట్టేసి కొట్టి చంపితే, ఆ పిల్లాడి అంత్యక్రియల దగ్గర వీళ్లు దేవుడికి గేలంటే అసహ్యమని అట్టలు పట్టుకుని నిలబడ్డారు. అది తెలిసి ఛీ అనని వాళ్లు లేరు. 1840లో శామ్యూల్ డే అనే బాప్టిస్టు మిషనరీ వచ్చి మిషన్ పెట్టిన ఊరు మనది. బాప్టిస్టులంటే మనకు బడి, ఆసుపత్రి, ఊరిబావి దగ్గరికి రానివ్వని జనానికి అక్షరం. టొపీకా గుంపుకూ ఆ పరంపరకూ ఏ సంబంధమూ లేదు. అందుకే ఆ పేరుతో ద్వేషం పలుకుతుంటే మనకు మరీ మంటగా ఉంటుంది. కానీ ఫెల్ప్స్‌ని తిట్టినందుకు మనకు పోయేదేముంది? వాడు మన వీధిలో లేడు, మన పిల్లకు సంబంధం చూసిపెట్టేవాడు కాడు.

మన వీధిలో ఉన్నాయన మైకులో మాట్లాడతాడు. మగ మీద మగకు, ఆడ మీద ఆడకు మనసు పోతే స్వస్థత కూటంలో అది దురాత్మ అంటాడు, ఇంకొకాయన తాయెత్తు కడతాడు, మరొకాయన పీఠమెక్కి కలికాలం అంటాడు. మనం ఆమెన్ అన్నాం, ఆమీన్ అన్నాం, చేతులు జోడించాం. ఆటో మాట్లాడి పిల్లాణ్ని వాళ్ల ముందుకు తీసుకెళ్లిందీ మనమే. అలా మనసు పోవడం జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే తేల్చింది. మార్చేస్తామంటూ వైద్యం చేసే డాక్టరుది వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రకటించింది. ఆ కట్టడి డాక్టరుకు ఉంది, మైకు పట్టుకున్నవాడికి లేదు. లేని చోటునే మనం వెతుక్కుని మరీ వెళ్లాం.

అన్నిటికన్నా సిగ్గుపడాల్సింది రొట్టెల పండగలో పెళ్లి కావాలని కోరుకుని పట్టే పెళ్లి రొట్టె దగ్గర. నాకు ఆడపిల్ల మీద మనసు పోదమ్మా అని కొడుకు నోరు తెరిచి చెప్పాక కూడా, వాడి పేరు మీదే ఆ రొట్టె పట్టుకుంటాం. కోరిక తీరుతుంది కూడా. కోవూరు నుంచో కావలి నుంచో ఒక అమ్మాయి వస్తుంది. తప్పు తనదేమో, తన ఒంటిదేమో అనుకుంటూ ఏళ్లకేళ్లు కుమిలిపోతుంది. ఆమెకు ఏ పీఠాధిపతీ ద్రోహం చేయలేదు. తాంబూలాలు మార్చుకున్న మనమే చేశాం.

2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకొచ్చింది కూడా ఇలాంటి ఇల్లే. ఇద్దరు యువతులు కలిసి బతుకుదామనుకుంటే, ఒకమ్మాయిని కన్నతండ్రి నర్సీపట్నం తీసుకెళ్లి కదలనివ్వలేదు. ఆమె ఎవరితో ఉండాలో ఆమే ఎంచుకుంటుందని కోర్టు చెప్పి పంపింది. కోర్టుదాకా పోలేని పిల్లలు మన పాళేల్లో ఎవరి గడప తొక్కాలి? పెద్దమనుషుల దగ్గరికా, పాస్టరమ్మ దగ్గరికా, హజరత్ దగ్గరికా? అలాంటి ఒక్క గడపనూ మనం సిద్ధం చేసి పెట్టలేదు.

2022లో హైదరాబాద్ జంట ఒకటి తమ పెళ్లిని గుర్తించమని సుప్రీంకోర్టుకు వెళితే, జమియత్ ఉలమా దగ్గర నుంచి మతసంస్థలు మళ్లీ అడ్డుపడ్డాయి. భారతీయ కుటుంబ వ్యవస్థ కూలిపోతుందన్నాయి. 2023 అక్టోబర్ 17న ఆ జంట వట్టి చేతులతో తిరిగొచ్చింది. కుటుంబమంటే మనమే కదా. ఆ సంస్థలు మన ఇళ్ల పేరు చెప్పి వాదించాయి. ఆ వకాల్తా మేమివ్వలేదని ఒక కాగితం మీద రాసి పంపడానికి కూడా మన చేతులు రాలేదు.