తాడేపల్లిగూడెం నిట్ డైరెక్టర్ గారికి: తెర మీద ప్రోగ్రాము తెరిచే ఉపన్యాసాలు కావాలి



సాఫ్ట్‌వేర్ తయారీ గురించి విద్యార్థులనూ సిబ్బందినీ కలిపి కూర్చోబెట్టి, మీ ప్రాంగణంలో నెలకొక ఉపన్యాసం పెట్టించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నేను ఈ చుట్టుపక్కల ఊరివాణ్ణే. సాఫ్ట్‌వేర్ రాయడమే నా జీవనాధారం. 2015లో వాసవి ఇంజనీరింగ్ కాలేజీ గదుల్లో మొదలైన మీ సంస్థ ఇప్పుడు సొంత ప్రాంగణంలో నడుస్తోంది. దగ్గర్లోనే ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ, నూజివీడులో ట్రిపుల్ ఐటీ, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. పొద్దున బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరాలే ఇవన్నీ. అందర్నీ ఒకచోటికి పిలవడానికి మీ మాటే చెల్లుతుంది.

ఈ ప్రాంతపు కాలేజీల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. నేను చూసినవి మాత్రం చాలావరకు ఒకే తీరున సాగాయి. శాలువా, జ్ఞాపిక, కృత్రిమ మేధ లోకాన్ని మార్చేస్తుందని ఒక గంట, ఇంటర్వ్యూలో ఎలా నెగ్గాలో ఇంకో అరగంట. తెర మీద ఒక్క వరుస కోడ్ కనబడదు. వచ్చిన పెద్దమనిషి తాను రాసిన ప్రోగ్రాము ఎక్కడ చెడిందో చెప్పరు. నాలుగేళ్ళ చదువులో పిల్లలకు దొరకనిది సరిగ్గా అదే.

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తన టెక్ (TeX) అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్‌లో దొర్లిన తప్పుల చిట్టాను 1989లో తానే అచ్చు వేయించారు. తన పుస్తకాల్లో కొత్త తప్పు పట్టిచ్చినవారికి 2.56 డాలర్ల చెక్కు రాసిచ్చేవారు. అంతటివారే తమ తప్పులు చూపించగా, మన వక్తలకు సంకోచం దేనికి? ప్రోగ్రాము తెరవాలి. తప్పు ఎప్పుడు చొరబడిందో గిట్ చరిత్రలో వెతికి చూపాలి. దాన్ని పట్టుకున్న తోటివారు ఏమన్నారో, ఎలా సరిదిద్దారో చెప్పాలి.

ఉపన్యాసాల విషయాల కోసం దూరం వెళ్ళనక్కర్లేదు, కొల్లేరు సరస్సు ఉంది. తెల్లవారుజామున చేపల చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని కైకలూరు, ఆకివీడు రైతులకు ఒకరు చెప్పక్కర్లేదు. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయ్యాక ఆ నాచూ, చేపలూ, అడుగున కుళ్ళే మేతా కలిసి దాన్ని వాడేసుకుంటాయి. ముసురు పట్టినప్పుడు మరీ ప్రమాదం. బొచ్చె, శీలావతి పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. నీటిలో సెన్సార్ పెట్టి, అంకె తగ్గగానే రైతు ఫోను మోగించే ప్రోగ్రాము రాయమంటే రెండో ఏడాది విద్యార్థి సాయంత్రానికల్లా రాసేస్తాడు.

కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. రాత్రి రెండింటికి సున్నా వచ్చింది. నీటిలో ఆక్సిజన్ నిజంగా అయిపోయిందా? తీగ తెగిందా? కరెంటు పోయి పరికరం ఆగిందా? ‘విలువ సున్నా’, ‘విలువ రాలేదు’ అనే రెంటినీ ఒకే గడిలో ఒకేలా రాసుకునే ప్రోగ్రాము రైతును నాలుగు రాత్రులు ఊరికే గట్టు మీదికి పరుగెత్తిస్తుంది. ఐదో రాత్రి ఫోను మోగితే ఆయన పట్టించుకోడు, ఆ రాత్రే చేపలు పోతాయి. సిగ్నల్ లేక సందేశం ఆగిపోతే మళ్ళీ పంపేది ఎవరు, ఎన్నిసార్లు? ఆలస్యంగా చేరిన సందేశం ఏ గంటదో రైతుకు ఎలా తెలుస్తుంది? సెన్సార్ మొనకు పాచి పట్టి అంకెలు మెల్లగా పక్కదారి పడితే ఎలా పసిగట్టాలి? ఒక్కో ప్రశ్నకు ఒక ఉపన్యాసం పడుతుంది. చేపల చెరువులకే కాదు, వరదలకూ ఇంతే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేట్లోకి చేరి ఉప్పుటేరు దారినే సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీటి మట్టాలను లెక్కగట్టే ప్రోగ్రాముకైనా ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

సిబ్బందిని పిలవమనడం మర్యాద కోసం కాదు. పరీక్షల విభాగంలో, గ్రంథాలయంలో, ల్యాబుల్లో పనిచేసేవారు రోజంతా సాఫ్ట్‌వేర్‌తోనే తంటాలు పడతారు. అది ఎక్కడ మొరాయిస్తుందో రాసినవాడి కన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు. తెలుగు పేర్లనే చూడండి. తెర మీద ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’ యూనికోడ్‌లో 4 సంకేతాలు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. పేరుకు 20 బైట్ల గడి కేటాయిస్తే శ్రీనివాసరావు గారు ‘శ్రీని’ దగ్గరే తెగిపోతారు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆపిల్ హడావుడిగా సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. సర్టిఫికెట్ మీద పేరు తెగిపోయిందని విద్యార్థి కౌంటర్ దగ్గరికొస్తే జవాబు చెప్పుకునేది గుమాస్తాయే. ఆయన పక్కన కూర్చుని వింటే, ప్రోగ్రామును పరీక్షించడం దేనికో విద్యార్థికి పుస్తకంలో కన్నా బాగా తెలుస్తుంది. అందుకే ఉపన్యాసం పనిదినాన, పనివేళల్లో పెట్టించండి, హాజరును డ్యూటీగా లెక్కించండి. ఆదివారం పెడితే సిబ్బంది రారు, రమ్మనడం న్యాయమూ కాదు.

భాష మాటకొస్తే, మీ సంస్థలో సగం సీట్లు ఇతర రాష్ట్రాల పిల్లలవని నాకు తెలుసు. పొద్దుటి ఉపన్యాసం ఇంగ్లీషులోనే జరగనివ్వండి. మధ్యాహ్నం అదే విషయాన్ని, అదే కోడ్ చూపిస్తూ తెలుగులో చెప్పించండి. దానికి పక్క కాలేజీల వాళ్ళనూ, డిప్లొమా పిల్లలనూ రానివ్వండి. లూప్, ఫంక్షన్, సర్వర్ అన్న మాటల్ని అలాగే ఉంచుకోవచ్చు. ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందని భయపడి చెయ్యెత్తని పిల్లలు మన దగ్గర చాలామంది. వాళ్ళ ప్రశ్నలు వినకుండా హాలు నిండిందని సంతోషపడలేం. 2005 నుంచి స్వేచ్ఛ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెస్తూ వస్తోంది. వాళ్ళ అనుభవాన్నీ అడిగి తీసుకోండి.

ప్రతి ఉపన్యాసంలో చూపిన కోడ్‌ను ఎవరైనా తీసుకుని మార్చుకునే షరతులతో బయట పెట్టించండి. వక్తల్ని వెతకడానికి నేనూ, ఈ జిల్లాల నుంచి వెళ్ళి హైదరాబాద్‌లో, బెంగళూరులో పనిచేస్తున్న నా మిత్రులూ సిద్ధంగా ఉన్నాం. పారితోషికం అక్కర్లేదు. ఒక హాలు, ఒక ప్రొజెక్టర్, పక్క కాలేజీల ప్రిన్సిపాళ్ళకు మీ సంతకంతో ఒక ఆహ్వానం ఇప్పించండి.

భవదీయుడు,
తాడేపల్లిగూడెం ప్రాంతపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి