ఒక్క సంతకం, వెంటనే డిక్రీ

నెల్లూరు తీరంలో రొయ్యల గుంటలు వేసేవారికి ఖాతా అప్పు కొత్తకాదు. పిల్ల అప్పు, మేత అప్పు, మందులు అప్పు. పట్టుబడి అయ్యాక డీలరుకు కడతారు. పంట బాగుంటే ఎవరి లెక్క వారికి సరిపోతుంది. తెల్లమచ్చ రోగం వచ్చి గుంట తుడిచిపెట్టుకుపోయినప్పుడే కాగితాలు బయటికొస్తాయి.

ఇందుకూరుపేట వైపు ఒక రైతు ఉన్నాడనుకుందాం. డీలరు పుస్తకంలో బాకీ 14 లక్షలు. రైతు లెక్కలో 9 లక్షలే. తక్కిన 5 లక్షల మేత నాసిరకమనీ, బస్తాలు వెనక్కి పంపాననీ ఆయన వాదన. ఓ రోజు గుమాస్తా కాగితం తెచ్చాడు. 'మార్చి 31 నాటికి నేను చెల్లించవలసిన బాకీ 14 లక్షలు' అని అందులో ఉంది. "ఆడిట్ కోసమే అన్నా, ఒక్క సంతకం" అన్నాడు. మొహమాటానికి రైతు సంతకం పెట్టేశాడు. ఆ రాత్రి డీలరుకు వాట్సాప్‌లో 'వచ్చే పట్టుబడికి మొత్తం ఇచ్చేస్తానన్నా' అని కూడా పంపాడు.

కొన్నాళ్లకు కోర్టు సమన్లు వచ్చాయి. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, మేత సంగతి అప్పుడు చెప్పుకోవచ్చులే అని రైతు ధీమా. అక్కడే పొరపాటు పడ్డాడు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 12వ ఆర్డరు, 6వ రూలు అని ఒకటుంది. ప్రతివాది బాకీని ఒప్పుకున్నట్టు స్పష్టంగా కనబడితే, మిగతా విచారణ కోసం ఆగకుండా, కేసు ఏ దశలో ఉన్నా కోర్టు తీర్పు చెప్పవచ్చు. ఆ ఒప్పుకోలు జవాబు దావాలోనే ఉండాలనేమీ లేదు. ఉత్తరంలో ఉన్నా, నోటి మాటగా ఉన్నా చాలు. 2000లో ఉత్తమ్‌సింగ్ దుగ్గల్ కంపెనీకీ, యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకూ మధ్య బాకీ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కంపెనీ డైరెక్టర్లు తమ సమావేశపు మినిట్స్‌లో బాకీ ఉందని రాసుకుని బ్యాంకుకు పంపారు. ఆ కాగితమే వాళ్ల మెడకు చుట్టుకుంది.

అయితే ఇది గుడ్డిగా వాడే రూలు కాదు. విచారణ లేకుండా తీర్పు ఇవ్వడమంటే ప్రతివాది వాదించుకునే అవకాశం పోవడమే. అందుకే ఒప్పుకోలు తెలిసి చేసిందై, అనుమానానికి తావులేనిదై ఉండాలని హిమానీ అల్లాయ్స్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 'ఇవ్వవచ్చు' అని ఉందే తప్ప 'ఇచ్చి తీరాలి' అని రూలులో లేదు. మన రైతు కూడా ఆ సంతకం ఎందుకు పెట్టాడో కోర్టుకు వివరించుకోవచ్చు. కానీ ఆ రోజు కాగితం మీద మేత మాటే లేనప్పుడు, ఆ వివరణ నిలబడటం కష్టం.

అదే ఆయన ఆ కాగితం మీద 'నా లెక్కలో 9 లక్షలే. 5 లక్షల మేతపై తగాదా ఉంది' అని రాసి సంతకం పెట్టి ఉంటే? 9 లక్షలకు వెంటనే డిక్రీ రావచ్చు. 5 లక్షల సంగతి సాక్ష్యాలతో తేలాలి. డీలరుకు నిజంగా రావలసింది త్వరగా వస్తుంది. రైతు తన వాదన పోగొట్టుకోడు.

ఇంకో చిక్కుంది. బాకీ దావాకు సాధారణంగా గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకముందే బాకీ ఉందని రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. 'ఒక్క సంతకం' అంత తేలికైనదేమీ కాదు.

ఉన్న బాకీని లేదనమని కాదు ఈ మాటలు. డీలరు కూడా ఎవరి దగ్గరో అప్పు తెచ్చే మేత ఇస్తాడు. అంకె చూడండి, తేదీ వేయండి, ఒప్పుకోని మొత్తాన్ని అక్కడే రాయండి, నకలు ఉంచుకోండి. వెనక్కి పంపిన బస్తాలకు రసీదు అడగండి. మూడు లక్షలు దాటిన వ్యాపార వివాదమైతే, అత్యవసర ఉత్తర్వులు కోరే కేసుల్లో తప్ప, దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. అక్కడ కూర్చున్నప్పుడు ఈ కాగితాలే మీ తరఫున మాట్లాడతాయి.

పంట పోయిన రోజు మనసు బాగుండదు. గుమాస్తా ఆ రోజే కాగితం తెస్తే, రేపు రమ్మని చెప్పండి.